ఫుజి పర్వతం ఎదుట షిబజకుర పూల ఉత్సవం: ఎప్పుడు వెళ్ళాలి, ఎలా చూడాలి

వేసవి సెలవుల్లో జపాన్ వెళ్ళాలనుకునే తెలుగు కుటుంబాలు సాధారణంగా చెర్రీ పూల గురించే ఆరా తీస్తాయి. అయితే మన పిల్లలకు బడులు మూసే ఏప్రిల్ చివరి వారానికి టోక్యోలో ఆ పూలు రాలిపోయి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫుజి పర్వతానికి వాయవ్య దిక్కున, మోతోసు సరస్సు దగ్గర, ఫుజి షిబజకుర ఉత్సవం జరుగుతుంది. 2008లో మొదలైన ఈ ఉత్సవం ఏటా ఏప్రిల్ మధ్యలో ప్రారంభమై మే నెలాఖరు దాకా సాగుతుంది. యమనాషి జిల్లాలోని ఫుజికవగుచికో పట్టణ పరిధిలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మైదానంలో దాదాపు 5 లక్షల షిబజకుర మొక్కలు గులాబి, తెలుపు, ఊదా రంగుల్లో నేలను కప్పేస్తాయి. ఆ రంగుల వెనుక 3776 మీటర్ల ఫుజి శిఖరం నెత్తిన మంచుతో నిలబడి ఉంటుంది.

ప్రయాణం ఖరారు చేసుకునే ముందు ఒక విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. ఈ తోటలో పూలు ఒకసారి విచ్చుకున్నాక పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు నిలుస్తాయి. కొండ మాత్రం ఉదయం ఏడింటికి స్పష్టంగా కనిపించి పదింటికల్లా మబ్బుల్లో మాయమైపోవచ్చు, రెండు రోజులపాటు అసలు కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి పూలను బట్టి వారాన్ని, కొండను బట్టి రోజును, గంటను నిర్ణయించుకోవాలి. టోక్యో నుంచి ఒక్క పూటలో వెళ్ళివచ్చేలా ప్రణాళిక వేసుకుని, ఎదురుగా తెల్లటి మబ్బు తప్ప ఏమీ చూడకుండా తిరిగివచ్చే యాత్రికులు ఎందరో ఉంటారు. ఈ వ్యాసంలో చెప్పే సూచనలన్నీ ఆ పరిస్థితి మీకు రాకుండా చూడడానికే.

మొదటి పని: వారాన్ని ఎంచుకోవడం

షిబజకుర అనేది చెట్టు కాదు. నేలను అంటిపెట్టుకుని, జానెడు ఎత్తు కూడా పెరగకుండా పాకే మొక్క. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. ఎండ బాగా తగిలే, నీరు నిలవని నేలలో ఇది దట్టంగా అల్లుకుపోతుంది. పేరులో చెర్రీ పూల ప్రస్తావన (‘జకుర’ అంటే చెర్రీ) ఉండడం వల్ల చాలామంది ఏప్రిల్ మొదటి వారంలోనే టికెట్లు కొనుక్కుంటారు. అప్పటికి ఉత్సవమే మొదలై ఉండదు. ఏప్రిల్ మధ్యలో ద్వారాలు తెరిచేనాటికి కూడా అక్కడక్కడ మాత్రమే రంగు కనిపిస్తుంది, మిగిలినదంతా పచ్చిక లాగే ఉంటుంది. ఈ ఎత్తులో చలి ఆలస్యంగా తగ్గుతుంది కాబట్టి, చాలా సంవత్సరాలలో తోట నిండుగా పూసేది మే నెల మొదటి రెండు వారాల్లోనే.

ఆ రెండు వారాల్లో మొదటిది గోల్డెన్ వీక్ సెలవులతో కలిసి వస్తుంది. ఏప్రిల్ 29, మే 3, 4, 5 తేదీలు జపాన్‌లో జాతీయ సెలవు దినాలు. వాటి మధ్య రోజులను కూడా కలుపుకుని దేశమంతా ప్రయాణం కడుతుంది. ఆ రోజుల్లో, రైలు స్టేషను ఉన్న కవగుచికో నుంచి తోట వైపు వెళ్ళే 139వ నంబరు జాతీయ రహదారి మీద వాహనాలు బారులు తీరతాయి, అరగంట దూరానికి రెండు మూడు గంటలు పట్టడం అక్కడ వింత కాదు. హోటల్ గదుల ధరలు కూడా బాగా పెరుగుతాయి. అందువల్ల, మీకు వెసులుబాటు ఉంటే, మే 7 నుంచి 15 లోపు వచ్చే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉన్న రోజులను ఎంచుకోండి. పూలు అప్పటికీ నిండుగానే ఉంటాయి, జనం సగానికి సగం తగ్గుతారు. మే 20 దాటితే అంచుల నుంచి రంగు వెలిసిపోవడం మొదలవుతుంది.

ఉత్సవ నిర్వాహకుల వెబ్‌సైటులో పూలు ఎంతవరకు పూశాయో తరచుగా ఫొటోలతో సహా ప్రకటిస్తారు. అక్కడ మీరు గుర్తుపట్టాల్సిన మాటలు కొన్నే. ‘సకిహజిమె’ అంటే ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్నాయని, ‘గోబుజకి’ అంటే సగం పూశాయని, ‘మిగోరో’ అంటే చూడడానికి తగిన సమయమని, ‘మంకయ్’ అంటే పూర్తిగా పూశాయని అర్థం. ‘గోబుజకి’ దశలో వెళ్ళినా నిరాశ ఉండదు. ఎందుకంటే ఎర్ర గులాబి రకం, తెల్ల రకం, లేత ఊదా రకం ఒకే రోజున విచ్చుకోవు. ఏదో ఒక పట్టీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

మీ సెలవులు ఈ తేదీలకు కుదరకపోతే, ఇదే పువ్వును వేరే చోట చూడవచ్చు. సైతామా జిల్లా చిచిబులోని హిత్సుజియామా పార్కులో బుకో కొండ నేపథ్యంగా ఇవి ఏప్రిల్ రెండో సగంలో పూస్తాయి, టోక్యోలోని ఇకెబుకురో నుంచి రైలులో గంటన్నర లోపే చేరుకోవచ్చు. మే చివరి వారం, జూన్ మొదటి వారం అయితే హొక్కయిదో దీవిలోని తకినొఉఎ పట్టణం వైపు చూడాలి. అయితే ఆ రెండు చోట్లా ఫుజి ఉండదు.

వీసా, విమానం, ముందస్తు ఏర్పాట్లు

భారత పౌరులకు పర్యాటక వీసా 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రానిక్ రూపంలో వస్తున్నది. దరఖాస్తును వీసా కేంద్రంలో ఇస్తే చాలు. బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయపు పన్ను పత్రాలు, రోజువారీ ప్రయాణ ప్రణాళిక సిద్ధంగా పెట్టుకోండి. ఇక్కడ మరచిపోకూడని చిన్న విషయం ఒకటి ఉంది. ఈ వీసాను విమానాశ్రయంలో ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌లో తెరిచి చూపించాలి. ముద్రించిన కాగితాన్ని, స్క్రీన్‌షాట్‌ను ఒప్పుకోరు. అందుచేత హైదరాబాదులో బయలుదేరేముందే జపాన్‌లో పనిచేసే ఈ-సిమ్ గానీ రోమింగ్ గానీ ఏర్పాటు చేసుకోవడం మంచిది. విమానాలకు ఢిల్లీ, బెంగళూరు, సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ వంటి చోట్ల మారే మార్గాలు ఉన్నాయి. గోల్డెన్ వీక్ దగ్గర పడేకొద్దీ ధరలు పెరుగుతాయి.

పెట్టెలో ఏమి పెట్టుకోకూడదో కూడా చెప్పుకోవాలి. మాంసంతో చేసిన ఏ పదార్థాన్నీ జపాన్‌లోకి తీసుకువెళ్ళనివ్వరు, అమ్మ ఎంతో ప్రేమగా పెట్టి ఇచ్చిన చికెన్ పచ్చడి కూడా ఇందులోకే వస్తుంది. పచ్చి పండ్లు, కూరగాయలు, కరివేపాకు వంటివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. వేయించిన పొడులు, పప్పు కలిసిన కారప్పొడి, మిఠాయిలు పెట్టుకుని, కస్టమ్స్ పత్రంలో ఉన్నదున్నట్టు రాయండి.

బస కవగుచికోలో, కనీసం రెండు రాత్రులు

ఈ యాత్రలో మీరు డబ్బు ఎక్కడైనా కొంచెం ఎక్కువ పెట్టదలచుకుంటే, అది రెండో రాత్రి బస మీద పెట్టండి. రెండు రాత్రులు ఉంటే మీకు కనీసం రెండు ఉదయాలు చేతిలో ఉంటాయి, ఒక ఉదయం మబ్బు పట్టినా రెండోది మిగిలి ఉంటుంది. ఫుజి చుట్టూ ఉత్తరాన ఐదు సరస్సులు ఉన్నాయి: యమనక, కవగుచి, సాయ్, షోజి, మోతోసు. తోట మోతోసు దగ్గర ఉన్నా, అక్కడ బస వసతి తక్కువ, బస్సులు తక్కువ. రైలు స్టేషను, బస్సు స్టాండు, దుకాణాలు, కొన్ని భారతీయ హోటళ్ళు అన్నీ కవగుచి సరస్సు ఒడ్డునే ఉన్నాయి కాబట్టి స్టేషనుకు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో గది తీసుకోండి. ఉత్తరపు ఒడ్డున ఉన్న వసతి గృహాల నుంచి ఫుజి నేరుగా కనిపిస్తుంది, వాటి అద్దె ఎక్కువ. పెద్దవాళ్ళు వెంట ఉండి, వారు ఎక్కువగా నడవలేని పరిస్థితి అయితే ఆ అదనపు ఖర్చు సమంజసమే అంటాను, ఎందుకంటే కిటికీ తెర తీసి కొండ ఉందో లేదో చూసి ఆ రోజు కార్యక్రమం నిర్ణయించుకోవచ్చు.

మే నెలలో ఫుజి ఎక్కవచ్చునా అని కొందరు అడుగుతారు. ఎక్కకూడదు. కొండదారి తెరిచేది జూలైలో, మూసేది సెప్టెంబరులో. వసంతంలో పై భాగమంతా గడ్డకట్టిన మంచుతో ప్రమాదకరంగా ఉంటుంది.

టోక్యో నుంచి కవగుచికో చేరడం

మూడు మార్గాలున్నాయి. షింజుకు హైవే బస్ టెర్మినల్ నుంచి నేరుగా కవగుచికో స్టేషనుకు బస్సులు ఉంటాయి. టికెట్ 2 వేల యెన్లకు కొంచెం పైన, ప్రయాణం మామూలు రోజుల్లో గంటా నలభై ఐదు నిమిషాల నుంచి రెండు గంటల వరకు. అన్నిటికంటే చవకైన దారి ఇదే, అయితే సెలవు రోజుల్లో చువో ఎక్స్‌ప్రెస్‌వే మీద చిక్కుకుంటే సమయానికి హామీ లేదు. రెండోది, 2019లో మొదలైన ఫుజి ఎక్స్‌కర్షన్ అనే రైలు. ఇది షింజుకు నుంచి రైలు మారే పని లేకుండా రెండు గంటల లోపు తీసుకువెళ్తుంది, ఖర్చు సుమారు 4 వేల యెన్లు. రోజుకు కొన్ని సర్వీసులే ఉంటాయి, అన్నీ రిజర్వు సీట్లే. ప్రయాణానికి సరిగ్గా నెల ముందు రిజర్వేషన్లు తెరుస్తారు కాబట్టి ఆ రోజే కొనేయండి. మూడోది, జేఆర్ (జపాన్ రైల్వేస్) చువో లైనులో ఒత్సుకి వరకు వెళ్ళి అక్కడ ఫుజిక్యూ లైనుకు మారడం. ఒత్సుకి తరువాతి భాగం ప్రైవేటు రైలుమార్గం, అక్కడ జేఆర్ పాస్ చెల్లదు, విడిగా టికెట్ కొనాలి. ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా కార్డు మాత్రం పనిచేస్తుంది. చిన్న పిల్లలున్న కుటుంబాలకు నా ఓటు రైలుకే.

పెద్ద సూట్‌కేసులను ఈ కొండ ప్రాంతానికి మోసుకురావద్దు. జపాన్‌లో ఒక హోటల్ నుంచి మరొక హోటల్‌కు లగేజీ పంపే సేవ చాలా నమ్మకమైనది, టోక్యో హోటల్ కౌంటరులోనే ఇచ్చేస్తే మీ తరువాతి మజిలీకి మరునాటికో ఎల్లుండికో చేరుతుంది. రెండు రోజుల బట్టలు మాత్రం చిన్న సంచిలో తెచ్చుకోండి. కవగుచికో స్టేషనులో లాకర్లు ఉన్నాయి గానీ ఉదయమే నిండిపోతాయి.

ముందు రోజు సాయంత్రం చేయాల్సినవి

ఫుజి చుట్టుపక్కల అనేక చోట్ల నుంచి ప్రత్యక్ష ప్రసారం చేసే కెమెరాలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. మోతోసు సరస్సు వైపు కెమెరాను మీ ఫోన్‌లో ముందే గుర్తుపెట్టుకోండి. కవగుచికోలో కొండ కనిపిస్తున్నా మోతోసు వైపు మబ్బు ఉండవచ్చు, దానికి విరుద్ధంగానూ జరగవచ్చు, ఈ రెండు చోట్ల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు కూడా లేకపోయినా సరే. వర్షం వెలిసిన మర్నాటి ఉదయం గాలి కడిగినట్టు ఉండి కొండ చాలా స్పష్టంగా కనబడుతుంది కాబట్టి, మీకు దొరికిన రెండు రోజుల్లో మొదటిది వాన రోజైతే బాధపడకుండా రెండో రోజు తెల్లవారుజాముకు సిద్ధంగా ఉండండి.

సంచిలో గొడుగు, స్వెట్టర్ లేదా గాలి చొరబడని జాకెట్, నీళ్ళ సీసా, చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ కవరు పెట్టుకోండి. ఏప్రిల్ చివరి ఉదయాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోతుంది, మధ్యాహ్నానికి మళ్ళీ చొక్కా చాలేంత వెచ్చబడుతుంది. విజయవాడ మే ఎండను గుర్తు చేసుకుని నూలు బట్టలు మాత్రమే తెచ్చుకున్నవారు ఉదయం బస్సు వరుసలో వణికిపోతారు. పట్టుచీరల్లో ఫొటోలు దిగాలనుకునే ఆడవారు నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు, పాదాలకు మాత్రం మడమ ఎత్తులేని గట్టి చెప్పులో బూట్లో వేసుకోండి. దారులు చాలావరకు చదునుగానే ఉంటాయి గానీ కొన్ని చోట్ల కంకర తగులుతుంది.

తోట టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది. ఇటీవలి సంవత్సరాలలో పెద్దవారికి 1000 నుంచి 1300 యెన్ల మధ్య ఉంటున్నది, పూలు నిండుగా ఉండే రోజుల్లో ఎక్కువ. కవగుచికో నుంచి రానూపోనూ బస్సు, ప్రవేశం కలిపి ఒకే టికెట్‌గా కూడా అమ్ముతారు, అది విడివిడిగా కొనడం కంటే సులువు. ప్రవేశ వేళలు సాధారణంగా ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు. ఆ ఏడాది ధరలు, వేళలు వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి.

ఆ ఉదయం

లేవగానే కెమెరా చూడండి. కొండ కనిపిస్తే ఇక ఆలోచించవద్దు, టిఫిను తరువాత చూసుకోవచ్చు. ఉత్సవం జరిగే రోజుల్లో కవగుచికో స్టేషను ఎదుటి బస్సు స్టాండు నుంచి షిబజకుర లైనర్ అనే ప్రత్యేక బస్సు నడుస్తుంది. ప్రయాణం అరగంట నుంచి నలభై నిమిషాలు. స్టేషను ఎదుట ఒకే చోట అనేక బస్సులకు వరుసలు కట్టి ఉంటాయి, అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తాయి కాబట్టి, నిలబడే ముందు ఆ వరుస చివరి మనిషిని ‘షిబజకుర?’ అని అడిగి నిర్ధారించుకోండి. మొదటి బస్సుకు బయలుదేరే సమయం కంటే అరగంట ముందే అక్కడ ఉండడం మంచిది. అద్దె కారులో వెళ్ళేవారు కూడా ద్వారాలు తెరిచే సమయానికే చేరుకోవాలి, పది దాటితే పార్కింగు కోసం రోడ్డు మీదే వరుసలో ఆగాల్సి వస్తుంది. జపాన్‌లో కారు నడపడానికి 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, మన రవాణా శాఖ కార్యాలయంలో ముందే తీసుకోండి.

బస్సు దారిలో రెండు వైపులా దట్టమైన అడవి వస్తుంది. అది అఓకిగహర. 864లో మొదలైన జోగన్ విస్ఫోటనంలో ఫుజి నుంచి పారిన లావా చల్లబడ్డాక, ఆ రాతి మీదే ఈ అడవి పెరిగింది. అప్పట్లో ఇక్కడ ఉన్న పెద్ద సరస్సును ఆ లావా పూడ్చివేయగా మిగిలిన రెండు ముక్కలే ఇప్పటి సాయ్, షోజి సరస్సులు.

తోటలో

లోపలికి వెళ్ళిన వెంటనే చాలామంది మొదటి పూల పట్టీ దగ్గరే ఆగి ఫొటోలు మొదలుపెడతారు. మీరు ఆగకుండా నేరుగా ర్యూజిన్ కొలను దగ్గరికి వెళ్ళండి. గాలి లేని వేళ ఆ కొలనులో ఫుజి తలకిందులుగా కనిపిస్తుంది, గట్టు మీది గులాబి రంగు కూడా నీళ్ళలో పడుతుంది. అయితే పొద్దెక్కే కొద్దీ గాలి లేస్తుంది, చిన్న అల లేచినా ఆ ప్రతిబింబం చెదిరిపోతుంది. అందుకే మొదటి అరగంటను కొలనుకే కేటాయించాలి. అక్కడ పెద్ద కెమెరాలవారు గట్టు పొడుగునా నిలబడి ఉంటారు. వారి వెనుక కొంచెంసేపు ఓపికగా నిలబడితే ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు, మీరు కూడా రెండు మూడు ఫొటోలు తీసుకుని తరువాతివారికి చోటు వదలండి.

వెలుగు గురించి ఒక మాట. ఇక్కడి నుంచి చూస్తే ఫుజి ఆగ్నేయంగా ఉంటుంది, అంటే ఉదయం పూట సూర్యుడు కొండ వైపు నుంచే వస్తాడు. అందువల్ల కొండ కొంచెం నీలి పొగమంచు కప్పినట్టు, వివరాలు లేకుండా ఫొటోలో పడవచ్చు. మనుషులను నిలబెట్టి తీస్తే ముఖాలు నల్లబడతాయి. వారిని కొంచెం పక్కకు తిప్పి నిలబెట్టండి, లేదా ఫోన్‌లో ముఖం మీద వేలితో తాకి వెలుగు సరిచేసుకోండి. మధ్యాహ్నం రెండు గంటల తరువాత సూర్యుడు పడమటికి వాలి కొండ ముఖం మీద నేరుగా ఎండ పడుతుంది, అప్పుడు మంచు గీతలు, లోయలు విడివిడిగా కనిపిస్తాయి. అన్నీ కలిసొచ్చి కొండ మధ్యాహ్నం దాకా తేటగానే ఉంటే ఆ వెలుగు కోసం తప్పకుండా ఆగండి. కానీ మధ్యాహ్నపు వెలుగును నమ్ముకుని ఉదయాన్ని వదులుకోకండి. ఎండ పెరిగే కొద్దీ వాలుల మీద మబ్బు పుట్టడం వసంతంలో చాలా మామూలు.

కొలను తరువాత తీరిగ్గా పూల పట్టీల మధ్య దారుల్లో తిరగండి. దూరం నుంచి ఒకే రంగు దుప్పటిలా అనిపించేది దగ్గరికి వెళితే అలా ఉండదు. దారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క పువ్వును చూడండి. అర్ధ రూపాయి బిళ్ళంత ఉండే పువ్వు, ఐదు రేకులు, ఒక్కో రేకు కొసన చిన్న నొక్కు, మధ్యలో ముదురు రంగు వలయం. ఆకులు సూదుల్లా సన్నగా, తాకితే గరుకుగా ఉన్నట్టు కనిపిస్తాయి. ముదురు గులాబి రంగులో ఉండేది మెక్‌డేనియల్స్ కుషన్ అనే రకం. మచ్చలేని తెలుపు మోంట్‌బ్లాంక్. రేకుల మీద తెలుపు గులాబి చారలు ఉన్నదాన్ని తమనొనగరె అంటారు, ఈ మూడింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, కానీ చారలు దూరానికి కనిపించవు కాబట్టి చాలామంది దాన్ని పట్టించుకోకుండా దాటిపోతారు. మధ్యలో షిబజకురతోనే ఫుజి ఆకారంలో కట్టిన చిన్న గుట్ట ఒకటి ఉంటుంది. బతుకమ్మను పేర్చినట్టు వరుసలు వరుసలుగా రంగులు పైకి వెళ్ళి, కొసన తెలుపు వస్తుంది. దాని వెనుక అసలు ఫుజి వచ్చేలా నిలబడి ఫొటో తీసుకోవచ్చు.

అదే ఆవరణలో పీటర్ రాబిట్ ఇంగ్లిష్ గార్డెన్ అనే మరో తోట కూడా ఉంది. పిల్లలు ఉంటే అరగంట కేటాయించండి, లేకపోతే వదిలేసినా నష్టం లేదు. మొత్తం మీద తోటకు రెండు నుంచి మూడు గంటలు సరిపోతుంది.

కొన్ని నియమాలను పాటించడం మన బాధ్యత. పువ్వు ఒక్కటి కూడా కోయకూడదు, తలలో పెట్టుకోవాలని ఎంత అనిపించినా సరే. తాడు దాటి పూల మీద అడుగు పెట్టకూడదు. నేలనంటిన మొక్క కావడం వల్ల ఒక్క అడుగుకే చిదికిపోతుంది, ఆ గుంట ఆ ఏడాదంతా అలాగే కనిపిస్తుంది. డ్రోన్ ఎగరవేయకూడదు. చెత్తకుండీలు అరుదు కాబట్టి మీ చెత్తను కవరులో వేసుకుని గదికి తీసుకువెళ్ళండి. 2024 మే నెలలో కవగుచికో పట్టణంలో ఒక దుకాణం ఎదుట ఫుజి ఫొటోల కోసం యాత్రికులు రోడ్డుకు అడ్డంగా నిలబడి, చెత్త పారేసి స్థానికులను ఎంతగా ఇబ్బంది పెట్టారంటే, పురపాలక సంఘం అక్కడ నల్లటి తెర కట్టి కొండ కనిపించకుండా చేయాల్సి వచ్చింది. అక్కడివారు సహజంగా మర్యాదస్తులు, ముఖం మీద ఏమీ అనరు. అందుకే మనమే తెలుసుకుని నడుచుకోవాలి.

తిండి

ఉత్సవం జరిగే చోటే ఆహార దుకాణాలు వరుసగా ఉంటాయి. ఫుజినోమియా యాకిసోబా అనే వేయించిన నూడుల్స్, ఈ ప్రాంతపు గుమ్మడికాయ ముక్కలు వేసిన హోతో నూడుల్స్, పువ్వు రంగులో చేసిన మిఠాయిలు దొరుకుతాయి. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. కూరగాయలు మాత్రమే కనిపించే పులుసులో కూడా చాలాసార్లు చేపతో కాచిన దాషి ఉంటుంది. యాకిసోబాలో మాంసం ముక్కలు, చేప పొడి వేస్తారు. ‘మాంసం వద్దు’ అని మాత్రమే చెబితే చేప సంగతి వారికి తట్టకపోవచ్చు. మాంసం, చేప, చేప పులుసు, గుడ్డు అని ఒక్కొక్కటిగా జపనీస్‌లో రాసిన చీటీని ఫోన్‌లో ఉంచుకుని చూపించండి. అంతకంటే సులువైన పని, ముందు రోజు కవగుచికోలోని దుకాణాల్లో బ్రెడ్డు, పండ్లు, పెరుగు కొని పెట్టుకోవడం. దుకాణాల్లో చిల్లర కోసం వెయ్యి యెన్ల నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి.

కొండ కనిపించకపోతే

ఆ ఉదయం కెమెరాలో తెల్లటి మబ్బే కనిపిస్తే తోటను రేపటికి వాయిదా వేసి, ఆ రోజును కొండతో పని లేని చోట్లకు ఇవ్వండి. అఓకిగహర అడవిలో ఫుగకు గాలి గుహ, నరుసవ మంచు గుహ ఉన్నాయి. లావా చల్లబడినప్పుడు ఏర్పడిన సొరంగాలు అవి, లోపల ఏడాది పొడవునా చలే. నరుసవలో వంగి నడవాల్సిన ఇరుకు భాగం ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవారు ఫుగకునే ఎంచుకోవాలి. సాయ్ సరస్సు ఒడ్డున, 1966 తుపానులో కొట్టుకుపోయిన నెంబ అనే ఊరిని గడ్డి కప్పుల ఇళ్ళతో తిరిగి కట్టి పర్యాటక గ్రామంగా తీర్చారు. వాన పడుతున్నా అక్కడ తిరగడం హాయిగా ఉంటుంది.

మబ్బు మధ్యాహ్నానికి వీడితే మోతోసు సరస్సు ఒడ్డుకు వెళ్ళవచ్చు. ఐదింటిలోనూ ఇదే లోతైనది, 120 మీటర్లకు పైనే. 2004లో విడుదలైన వెయ్యి యెన్ల నోటు వెనుక ముద్రించిన, నీళ్ళలో తలకిందులుగా పడిన ఫుజి చిత్రం ఈ సరస్సు నుంచి తీసిన ఛాయాచిత్రం ఆధారంగా గీసిందే. 2024లో కొత్త నోటు వచ్చినా పాతది ఇప్పటికీ చెల్లుతుంది, చిల్లరలో మీకు తగిలితే ఖర్చు చేయకుండా సరస్సు వాయవ్యపు ఒడ్డు దాకా తీసుకువెళ్ళి పోల్చి చూడండి.

రెండు ఉదయాలూ మబ్బుగానే ఉంటే, రెండో రోజు తోటకు వెళ్ళండి. పైన మబ్బు ఉన్నప్పుడు ఎండ మెరుపు లేక పూల రంగులు ముదురుగా కనిపిస్తాయి, దగ్గరి నుంచి పువ్వుల ఫొటోలు తీయడానికి అంతకంటే మంచి వెలుగు ఉండదు.

తిరుగు ప్రయాణం

తోట నుంచి కవగుచికోకు చివరి బస్సు సాయంత్రం తొందరగానే వెళ్ళిపోతుంది, ఆ సమయాన్ని దిగగానే స్తంభానికి అతికించిన పట్టికలో ఫొటో తీసుకుని పెట్టుకోండి. మధ్యాహ్నం మూడు తరువాత తిరుగు వరుస పొడవుగా ఉంటుంది కాబట్టి, ఆ రాత్రికే టోక్యోలో రైలు లేదా విమానం అందుకోవాల్సినవారు రెండింటికల్లా బయలుదేరాలి. ప్రవేశద్వారం దగ్గర షిబజకుర మొక్కలు కుండీల్లో అమ్మకానికి కనిపిస్తే ముచ్చటపడి కొనవద్దు, ధ్రువపత్రం, అనుమతి లేకుండా మొక్కలను భారత్‌లోకి తేనివ్వరు, పైగా మన వేసవి వేడికి అవి నిలవవు. ఇక్కడి నుంచి క్యోటో, ఒసాకా వెళ్ళేవారు మళ్ళీ టోక్యోకు వెనక్కి పోనవసరం లేదు. కవగుచికో స్టేషను నుంచి మిషిమాకు బస్సు ఉంది, సుమారు రెండు గంటల్లో చేరి అక్కడ షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కవచ్చు. మిషిమాలో అన్ని షింకాన్సెన్ రైళ్ళూ ఆగవు, కొదమ రైళ్ళు, కొన్ని హికరి రైళ్ళు మాత్రమే ఆగుతాయి, కాబట్టి బస్సు టికెట్ కొనేముందు రైలు సమయం చూసుకోండి.